జనం ఎగబడలేదు

ఔట్‌డోర్ ఫోటోషూట్ ఎలా చెయ్యాలో చెప్పే తెలుగు వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. ఏది చూసినా ఒక ముక్క తప్పకుండా వస్తుంది: లోకల్ వాళ్ళతో ఎలా నెగ్గుకురావాలి. వాన, ఎదురెండ, వీధికుక్కలు, బ్యాటరీ అయిపోవడం, ఈ వరసలోనే ఎక్కడో మధ్యలో జనం కూడా ఉంటారు. సలహాలు కూడా అటూ ఇటూగా ఒకటే. పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోండి, అప్పటికి జనం ఉండరు. ఊళ్ళో ఒక పెద్దమనిషిని పట్టుకోండి, మిగతావాళ్ళని ఆయనే తోలేస్తాడు. బడ్జెట్ ఉంటే ఇద్దరు బౌన్సర్లని పెట్టుకోండి.

ఆరింటికి జనం ఉండరట! సింగరాయకొండ పక్కన పాకల తీరానికి ఎప్పుడైనా ఆరింటికి వెళ్ళి చూడండి. చీకట్లో లేచి వేటకి పోయినవాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు, వల దులిపేవాళ్ళు, చేపలు బేరమాడేవాళ్ళు. ఆ ఊరికి అప్పటికే సగం రోజు గడిచిపోయి ఉంటుంది. జనం ఉండరు అనుకున్నవాడి లెక్కలో వీళ్ళు జనం కాదన్నమాట. బ్యాక్‌గ్రౌండ్.

నా వాదన చిన్నది. బహిరంగ స్థలంలో గుంపు దానంతటది పుట్టదు. కెమెరా పెట్టినవాడు పుట్టిస్తాడు. పుట్టించినవాడిదే దాని బాధ్యత. పెళ్ళికి ముందు జంటని తీసే ఒంగోలు కుర్రాడి నుంచి, డ్రోన్ ఎగరేసి సభ తీయించే పార్టీ దాకా ఇదే లెక్క. ఇద్దరి కెమెరా ఒకటి కాదు, ఇద్దరి తప్పు ఒకటి కాదు, నిజమే. కానీ ప్రమాదం జరిగాక ఇద్దరూ చెప్పే మాట మాత్రం ఒకటే: "జనం ఎగబడ్డారండీ, మేమేం చేస్తాం?" ఈ వాక్యం మీదే నా కోపమంతా.

సింగరాయకొండ పెద్ద ఊరేం కాదు. కానీ ఫోటో తీసేవాళ్ళకి కావలసిన సరుకంతా దాని చుట్టూనే ఉంది. నరసింహస్వామి కొండ, తూర్పున సముద్రం, చెన్నై నుంచి విజయవాడ వెళ్ళే రైలు పట్టాలు, 16వ నంబరు హైవే, పొగాకు బ్యారన్లు. కాస్త ఉత్తరానికి గుంటూరు, పల్నాడు వైపు వెళ్తే పత్తిచేలు, మాఘ ఫాల్గుణాల్లో ఎర్రగా పరుచుకున్న మిరప కల్లాలు. డ్రోన్‌లోంచి కల్లం ఎంత బాగుంటుందో నేను చెప్పక్కర్లేదు, ఇన్‌స్టాలో చూసే ఉంటారు. ఇలాంటి ఒక చోట కారు ఆగుతుంది. ట్రంకులోంచి రిఫ్లెక్టరు, గొడుగు లైటు, పొగ డబ్బాలు దిగుతాయి. పది నిమిషాల్లో పిల్లలు చేరతారు. ఒక పెద్దాయన సైకిల్ ఆపి అడుగుతాడు: "ఏం సినిమా అబ్బాయా? హీరో ఎవురు?"

ఈ ప్రశ్నకి మర్యాదగా జవాబు చెప్పే షూట్‌లు నేను చూసినవాటిల్లో చాలా తక్కువ. ఎక్కువసార్లు వినబడేది "కొంచెం పక్కకి రండి పెద్దాయనా, ఫ్రేములో పడుతున్నారు". ఆయన నిలబడ్డది ఆయన రోజూ నడిచే దారి. ఆ దారిలోకి ఫ్రేము వచ్చి పడింది. ఎవరు ఎవరిలో పడ్డట్టు?

ఫ్రేములో పడటం సంగతి అలా ఉంచి, షూట్ ఆ చోటు నుంచి ఏం పట్టుకుపోతుందో చూద్దాం. పత్తి తీసే కూలికి చాలాచోట్ల లెక్క కేజీల్లోనే. "అక్కా, ఒక్క పావుగంట అటు వెళ్ళండి, సాళ్ళు ఖాళీగా కావాలి" అంటే, ఆ పావుగంట పత్తి ఎవరి ఖాతాలో రాసుకోవాలి? కల్లంలో ఆరిన మిరపకాయని తొక్కితే పగిలి గింజ రాలుతుంది, ధర పడిపోతుంది. తాలుకాయలు ఏరుతూ ఎండలో కూర్చున్న ఆడవాళ్ళ ముందు నుంచే, కాయల మధ్యలోకి లంగావోణీలో పెళ్ళికూతురు నడుచుకుంటూ పోతుంది. ఒడ్డున ఆరేసిన వల ఒక ప్రాపర్టీ. పసుపూ కుంకుమా పెట్టి మొక్కిన పడవ ఇంకో ప్రాపర్టీ, బూట్లతో ఎక్కి నించోవడానికి. ఇవేవీ దొంగతనాలు కావు. అడిగితే చాలావరకు ఒప్పుకునేవే. అడగరు. అడగాలన్న సంగతే తట్టదు, ఎందుకంటే వీడియోలో చెప్పింది అడగడం గురించి కాదు, తోలడం గురించి.

ఇక ప్రమాదాలు. సముద్రపు గాలిలో గొడుగు లైటు తెరచాపలాంటిది. స్టాండు కాళ్ళ మీద ఇసుక సంచి బరువు వెయ్యకపోతే పడుతుంది. పడితే ఎవరి మీద పడుతుంది? కెమెరా వెనక ఉన్నవాడి మీద కాదు, దగ్గరగా చూద్దామని వచ్చిన పిల్లాడి మీద. డ్రోన్ అదుపు తప్పినా అంతే. రైలు పట్టాల సంగతైతే మరీ. గూడూరు–విజయవాడ మార్గంలో రైళ్ళ గరిష్ఠ వేగాన్ని గంటకి 130 కిలోమీటర్లకి పెంచారు. అంటే సెకనుకి 36 మీటర్లు. ఫోకస్ సరిచూసుకుని, "ఇంకొక్కటి" అని, చీర కుచ్చెళ్ళు సర్దుకునే పది సెకన్లలో 360 మీటర్లు. అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా పట్టాల మీద ఫోటో దిగని జంట కనబడటం కష్టంగా ఉంది. ఆ జంటని చూసి పక్కరోజు అదే పట్టాల మీదకి సెల్‌ఫోన్లతో వెళ్ళే ఊరి కుర్రాళ్ళ లెక్క ఎవరూ వెయ్యరు. షూట్ వెళ్ళిపోతుంది, పోజు ఆ ఊళ్ళో ఉండిపోతుంది.

పాకల సముద్రం కూడా అంతే. 2025 సంక్రాంతి సెలవుల్లో అక్కడ స్నానానికి దిగిన ఒక కుటుంబంలోని వాళ్ళు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. అది ఫోటోల వల్ల కాదు. కానీ ఆ నీళ్ళు ఎలాంటివో చెప్పడానికి ఆ ఒక్క సంఘటన చాలు. అలలు వెనక్కి లాగే చోటు ఏదో పల్లెపాలెం మనిషికి తెలుసు. మోకాలు లోతు నీళ్ళలో జంటని నిలబెట్టి వెనక్కి, ఇంకా వెనక్కి అనే ఫోటోగ్రాఫరుకి తెలీదు. తెలిసినవాడు ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. అతన్నే కదా మనం పక్కకి తప్పుకోమన్నది.

తెలుగులో ఒక అందమైన మాట ఉంది: ఫోటో దిగడం. తీసేవాడు తీస్తాడు, మనం దిగుతాం. దిగడంలో మన ఇష్టం ఉంది, కాస్త సిగ్గుంది, తల దువ్వుకోవడం ఉంది. స్టూడియో రోజుల్లో ఈ రెండు క్రియలూ సరిపోయేవి, ఎందుకంటే గదిలో ఉన్నది తీసేవాడు, దిగేవాడు మాత్రమే. కెమెరా వీధిలోకి వచ్చాక మూడో మనిషి వచ్చాడు. అతను తియ్యడు, దిగడు, చూస్తాడు. ఈ మూడో మనిషికి మన భాష ఇచ్చిన క్రియలు చూడండి: గుమిగూడాడు, అడ్డొచ్చాడు, తోసుకొచ్చాడు, ఎగబడ్డాడు. అన్నీ నేరారోపణలే. చూడటం అనే మామూలు పనికి కేసు పెట్టేశాం.

ఈ భాషకి ఎంత ఖరీదు పడుతుందో చెప్పడానికి సింగరాయకొండ నుంచి దూరం వెళ్ళక్కర్లేదు. పడమరగా పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు పోతే కందుకూరు. కందుకూరు వాళ్ళు రైలెక్కాలంటే వచ్చేది సింగరాయకొండ స్టేషన్‌కే. 2022 డిసెంబర్ 28 సాయంత్రం కందుకూరు ఎన్టీఆర్ సర్కిల్ దగ్గర, అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు రోడ్ షోలో తొక్కిసలాట. 8 మంది చనిపోయారు. కొందరు పక్కనున్న కాలవలో పడిపోయారు.

ఆ తర్వాత జరిగిన వాదన గుర్తుందా? డ్రోన్ షాట్లలో జనం కిక్కిరిసినట్టు కనబడటానికే ఇరుకు రోడ్డులో సభ పెట్టారని, ఇది ఫోటోషూట్ కోసం జరిగిన ఘోరమని అప్పటి ముఖ్యమంత్రి జగన్ అన్నారు. పోలీసులు సరైన బందోబస్తు ఇవ్వలేదని తెలుగుదేశం అన్నది. 2023 జనవరి 2న రోడ్ల మీద సభలని కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. ప్రతిపక్షాల గొంతు నొక్కడానికే అని గొడవైంది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. విచారణకి రిటైర్డ్ జడ్జి శేషశయనా రెడ్డితో కమిషన్ వేశారు. మధ్యలో జీవో గురించి, కోర్టు గురించి, పోలీసుల గురించి టీవీల్లో గంటలు గంటలు మాట్లాడారు.

ఇందులో ఎవరి మాట ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. డ్రోన్ కోసమే ఆ రోడ్డు ఎంచుకున్నారన్నది ఆరోపణే. ఒక పార్టీ మీద చెయ్యి చూపించి నేను తప్పుకోవడం లేదు. 2025 జూన్‌లో జగన్ రెంటపాళ్ళ పర్యటనకి వెళ్తుంటే గుంటూరు దగ్గర కాన్వాయ్ వాహనం కింద పడి ఒక మనిషి చనిపోయాడు. అప్పుడు వాదించేవాళ్ళు కుర్చీలు మార్చుకున్నారు, వాదన మారలేదు. నేను అడిగేది ఇంకొకటి. జనం ఎంతమంది వచ్చారన్నది పైనుంచి తీసిన బొమ్మలో చూపించడమే ఇవాళ సభకి అర్థమైపోయింది కదా. ఆ బొమ్మలో రెండు తలల మధ్య ఖాళీ కనబడితే ఓటమి. కానీ తొక్కిసలాటలో మనిషిని బతికించేది ఆ ఖాళీయే. ఊపిరాడే జాగా ఫోటోలో నష్టంగా, నేల మీద ప్రాణంగా లెక్కకొస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య వైరం ఉందని ఒప్పుకోకుండా బందోబస్తు గురించి ఎంత మాట్లాడినా ఏం లాభం?

బందోబస్తు చెయ్యడం మనకి రాదా? కందుకూరు తర్వాతి రోజు, 2022 డిసెంబర్ 29న, అదే 16వ నంబరు హైవే మీద, ఒంగోలుకి ఉత్తరాన కొరిశపాడు దగ్గర, విమానాలు అత్యవసరంగా దిగడానికి వేసిన రన్‌వే మీద వాయుసేన ట్రయల్ రన్ జరిపింది. కందుకూరు నుంచి వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ట్రాఫిక్ ముందే మళ్ళించారు. సుఖోయ్‌లు, తేజస్‌లు కిందికి దిగివచ్చి, నేలని తాకకుండా లేచిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళ జనం చూడటానికి వచ్చారు, చూశారు, ఇళ్ళకి పోయారు. వాళ్ళు కందుకూరు జనం కంటే క్రమశిక్షణ గలవాళ్ళని ఎవరైనా అనగలరా? ఒకే నేల, ఒకే భాష, ఒకే వారం. తేడా అల్లా, అక్కడ విమానానికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో ఒకరు ముందుగా కూర్చుని ఆలోచించారు. జనం వస్తారని అనుకున్నారు. రావద్దని తిట్టలేదు, వచ్చాక ఎక్కడ నిలబడాలో చూశారు.

2015 జూలై 14, రాజమండ్రి, గోదావరి పుష్కరాల మొదటి రోజు. పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది చనిపోయారని అధికారిక లెక్క. ముఖ్యమంత్రి పుణ్యస్నానాన్ని చిత్రీకరించడం కోసం జనాన్ని ఆపారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక వచ్చేసరికి మూడేళ్ళు గడిచాయి. ముహూర్తం మీద నమ్మకం, మీడియా చేసిన ప్రచారం వల్ల జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారన్నది అందులో బయటికొచ్చిన ముఖ్యమైన మాట. ఆ ముహూర్తం గురించీ, ఆ ఘాట్ గురించీ నెలల తరబడి ఊదరగొట్టి రమ్మన్నది ఎవరు? పిలిచారు, వచ్చారు. వచ్చినందుకు వాళ్ళే కారణం.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా దగ్గర పండగ సేల్ రోజు సర్వర్ పడిపోతే మర్నాడు ఒక మీటింగ్ ఉంటుంది. ఎందుకు పడిందో రాయాలి. అందులో "కస్టమర్లు ఎగబడ్డారు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే నా మేనేజరు నా మొహాన కొడతాడు. కస్టమర్లు రావాలనే కదా పేపర్లో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చింది? ఎంతమంది వస్తారని అంచనా వేశావు, ఎక్కువైతే ఎక్కడ ఆపాలనుకున్నావు, ఎవరు చూస్తూ కూర్చున్నారు, ఎప్పుడు ఆపెయ్యాలని ముందే అనుకున్నారు? ఇవీ అక్కడ అడిగే ప్రశ్నలు. మా వృత్తిలో "యూజర్ ఎర్రర్" అన్నది చేతకాని ఇంజినీరు చివరి సాకు. చొక్కాలు అమ్మే వెబ్‌సైటుకి ఉన్న ఈపాటి పద్ధతి, మనుషులు ఊపిరాడక పోయిన చోట లేదు.

"అయితే మనుషులకి సొంత బుద్ధి ఉండక్కర్లేదా?" అని అడుగుతారు. ఉండాలి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మా తరంవాళ్ళు మర్చిపోలేనిది జరిగింది. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్ళిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు, ఫోటోలు తీసుకుందామని నదిలో బండరాళ్ళ మీదకి దిగారు. పైన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. ఆ వారమంతా మన ఇళ్ళల్లో వినబడిన మాట "ఈ కాలం పిల్లలకి ఫోటోల పిచ్చి". హిమాచల్ హైకోర్టు పిచ్చి గురించి మాట్లాడి ఊరుకోలేదు. విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం మూడూ కలిసి తల్లిదండ్రులకి పరిహారం కట్టాలంది. నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలిసినవాడు, పిల్లల్ని తీసుకెళ్ళినవాడు, ఆ ఒడ్డుని కాపాడాల్సినవాడు, ముగ్గురూ లెక్కలోకి వచ్చారు. బుద్ధి గురించి ఉపన్యాసం ఇచ్చే ముందు ఈ వరసలో ఎవరెవరున్నారో చూసుకోవడం మంచిది.

తేలిగ్గా తీసెయ్యలేని అభ్యంతరం ఒకటుంది. చూసేవాళ్ళందరూ సైకిల్ ఆపిన పెద్దాయనలు కాదు. ఆడపిల్ల కెమెరా ముందున్నా, కెమెరా వెనకున్నా, ఈలలు, కామెంట్లు, చాటుగా తీసే సెల్‌ఫోన్ వీడియోలు. జంట పెళ్ళి కుదిరినవాళ్ళేనా అని ఆరా తీసే సంస్కృతి పోలీసులు. ఇది రోజూ జరిగేదే, దీన్ని "జనం అమాయకులు" అని కప్పెట్టడానికి నేను సిద్ధంగా లేను. అల్లరి చేసేవాడు అల్లరి చేసేవాడే. వాడి సంగతి వాడి పేరు మీద తేల్చుకోవాలి, ఊరి పేరు మీద కాదు. కానీ తోలే పద్ధతి వాడి మీద పనిచెయ్యదని షూట్ చేసేవాళ్ళందరికీ తెలుసు. "తప్పుకోండి" అని అరిస్తే మొదట వెళ్ళేది ఎవరు? ముసలమ్మ, బిడ్డని చంకనేసుకున్న తల్లి, బడి పిల్లలు. చెప్పిన మాట వినేవాళ్ళందరూ వెళ్ళిపోయాక మిగిలేది విననివాళ్ళే. ఆడపిల్లకి అక్కడ ఎవరి నీడైతే రక్షణో వాళ్ళని పంపేసి, ఎవరి వల్ల భయమో వాళ్ళతో మిగిలిపోతాం. ఆ ముసలమ్మని కుర్చీ వేసి ముందు వరసలో కూర్చోబెడితే ఈలలు సగం తగ్గుతాయి. బౌన్సరు కంటే ఆమె నోటికి అదురు ఎక్కువ.

ఇంకో అభ్యంతరం: ఇన్ని పట్టించుకుంటే వీధిలో ఇక కళ ఎలా పుడుతుంది? మన దగ్గరే పుట్టింది. 1967లో బాపు మొదటి సినిమా 'సాక్షి'ని గోదావరి ఒడ్డున పులిదిండి అనే ఊళ్ళో తీశారు. స్టూడియో సెట్లే లోకమైన రోజుల్లో ఊరుని ఊరుగా, ఆ ఊరివాళ్ళని కలుపుకుని తీసిన సినిమా. దాని కథ కూడా ఒక చూసినవాడి కథే. పడవ నడుపుకునేవాడు ఒక హత్య చూస్తాడు, చూసింది చెప్తాడు, చెప్పినందుకు ఒంటరివాడైపోతాడు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' ఇంకా ముందుకి వెళ్ళింది. వెంకటేష్ మహా విశాఖ కంచరపాలెంలో కెమెరా పెట్టి, అక్కడివాళ్ళనే 80 మందికి పైగా తెర మీదకి తెచ్చాడు. మామూలుగా అయితే వాళ్ళంతా తాడుకి అవతల నిలబడి "హీరో ఎవురు?" అని అడగాల్సినవాళ్ళు. ఆ సినిమాలో ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళే. అందరూ ఇలాగే తియ్యాలని నేననడం లేదు. పెళ్ళి ఫోటోలో ఊరందర్నీ నిలబెట్టడం కుదరదు. చూసేవాణ్ణి మనిషిగా లెక్కేస్తే కళకి నష్టమన్న వాదన మాత్రం అబద్ధం.

సాక్షి అంటే కళ్ళున్నవాడని అర్థం, కళ్ళతో చూసినవాడు. ప్రమాదం జరిగిన గంటకి పోలీసు వచ్చి పంచనామా రాస్తాడు. పంచులుగా సంతకం పెట్టడానికి ఎవరు కావాలి? ఆ పొద్దున అడ్డొచ్చారని మనం తోలినవాళ్ళే. అప్పటిదాకా ఉపద్రవం, అప్పట్నుంచి సాక్ష్యం. ముందే సాక్షిగా చూసి ఉంటే, ఒడ్డున నిలబడి "అబ్బాయా, అక్కడ లోతు" అని అతను అన్న మాట మనకి వినబడేది.

మరి ఏం చెయ్యాలంటారా? పెద్ద పనులేం కావు. ముందు రోజు వెళ్ళి ఆ చోటు ఎవరిదో కనుక్కోవాలి, గవర్నమెంటు రికార్డులో ఎవరిదని కాదు, రోజూ ఎవరు వాడుకుంటున్నారని. వాళ్ళ పని ఆగితే ఆగినంతకీ డబ్బు ఇవ్వాలి. ఆ కూలి డబ్బు ఆల్బమ్ ఖర్చులోనే పడాలి, పెళ్ళివాళ్ళు బేరమాడి తగ్గించే లైన్ అదే కాకూడదు. ఒంగోల్లోనో కందుకూర్లోనో స్టూడియో నడిపేవాడు పెద్ద సంపన్నుడేం కాదు. "పక్క స్టూడియో వాడు పట్టాల మీద తీశాడు, నువ్వెందుకు తియ్యవు?" అని అతన్ని తోసేది పెళ్ళివాళ్ళే. అంటే మనమే. ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఫోటో దిగబోయేవాళ్ళు ఉన్నారు. పట్టాలు వద్దని, అలలు వద్దని చెప్పడం దిగేవాడి చేతిలో పని.

తీసే బృందంలో ఒక మనిషి కెమెరా వైపు కాకుండా జనం వైపు తిరిగి నిలబడాలి. వాళ్ళని కాపలా కాయడానికి కాదు, కాపాడటానికి. "ఆపండి" అని అతనంటే సూర్యుడు గుంకిపోతున్నా ఆపేయాలి. లైటు స్టాండు చుట్టూ ఎంత జాగా వదలాలో గీత గీసి చెప్తే పిల్లలు కూడా వింటారు, ఎందుకో చెప్తే. తీసిన బొమ్మని ఒక్కసారి అక్కడున్నవాళ్ళకి చూపించాలి. వాళ్ళు నిలబడింది దానికోసమే. చూశాక సగంమంది వాళ్ళ పనికి వాళ్ళు పోతారు. దీనికన్నా చవకైన క్రౌడ్ కంట్రోల్ నాకు తెలిసి ఇంకోటి లేదు. ఇక వేలమందిని పిలిచేవాళ్ళ సంగతంటారా, డ్రోన్ ఎగరేసేవాడికి ఆ కింద ఎవరెవరు నలుగుతున్నారో అందరికంటే ముందు కనబడుతుంది. ఆ తెర చూస్తున్నవాడికి సభ ఆపే అధికారం లేకపోతే ఆ కన్ను అక్కడెందుకు? ఎవరి గొప్ప కోసం?

చివరిగా, రాసేవాళ్ళతో ఒక మాట. మనం కెమెరాలు పట్టుకోకపోవచ్చు, వాక్యాలు పట్టుకుంటాం. "తొక్కిసలాట జరిగింది" అని రాస్తాం, వాన పడింది అన్నట్టు. "ఎనిమిది మంది మృత్యువాత పడ్డారు" అని రాస్తాం, వాళ్ళే వెళ్ళి పడ్డట్టు. ఫోటో ఎగ్జిబిషన్ మీద సమీక్ష రాస్తే వెలుగు గురించీ నీడ గురించీ రాస్తాం, ఆ ఫ్రేము ఖాళీగా ఉండటానికి ఎవర్ని లేపారో అడగం. డ్రోన్ షాట్‌ని "జనసంద్రం" అంటాం. సంద్రంలో మనుషులు మునిగిపోతారని ఆ మాట రాసేటప్పుడు గుర్తు రాదు.

ఈసారి ఎక్కడైనా "జనం ఎగబడటంతో" అని మొదలయ్యే వాక్యం కనబడితే అక్కడ ఆగండి. ఆ జనాన్ని పిలిచిందెవరు, వాళ్ళు నిలబడటానికి ఎంత చోటు వదిలారు, ఆ పూట కెమెరా ఎక్కడుంది అని అడగండి. ఆ మూడూ రాయని వార్త వార్త కాదు, పిలిచినవాడి తరఫున రాసిన సంజాయిషీ.